కన్నూ చెయ్యీ

1958లో ఒక ఆదివారం. చిలకలూరిపేట పక్క పల్లె చర్చిలో సంఘపెద్ద ఇస్సాకు, పౌలు కొరింథీయులకు రాసిన ఉత్తరం చదువుతున్నాడు. మనమంతా ఒకే శరీరమనీ, కన్ను చేతితో నువ్వు నాకు అక్కర్లేదు అనకూడదనీ చదవగానే దీనమ్మ లేచింది.

"పత్తి మిల్లు మిషన్లో పడి నా కుడిచెయ్యి పోతే, ఇక పనికి రావద్దని వెళ్ళగొట్టిన మేస్త్రీవి నువ్వే కదయ్యా! ఏ నోటితో చదువుతున్నావు?"

ఇస్సాకు మొహం కందగడ్డయింది. "అది అలంకారం దీనమ్మా. పౌలు గారు సంఘాన్ని శరీరంతో పోల్చారు. నీ చేతికీ దానికీ సంబంధం లేదు."

"నా చెయ్యి అలంకారం కాదు. నెత్తురు కారింది."

"నోర్ముయ్! సంఘంలో ఆడవాళ్ళు మౌనంగా ఉండాలని ఈ ఉత్తరంలోనే ఉంది."

"అది మాత్రం అలంకారం కాదా?"

ఇస్సాకు పుస్తకం మూసేసి, పాట ఎత్తుకోమని ఆడవాళ్ళ వైపు సైగ చేశాడు. ఆ చర్చిలో పాటంటే వాళ్ళ గొంతులే.

మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు ఒక్కొక్కరే చాపల మీద నుంచి లేచి దీనమ్మ పక్కన నిలబడ్డారు. ఉత్తరంలో రాసినట్టే, ఒక్కరూ నోరు విప్పలేదు.