మంచు మీద కారు

లైబ్రరీ హాల్లో చివరి వరస కుర్చీ దొరకాలని ఆర్లిస్ అందరికంటే ముందే వచ్చింది. ఏం లాభం, ఫిలిస్ చూడనే చూసింది.

"రచయిత్రి తల్లివి, ఆ మూల కూర్చుంటావేంటి? ముందుకి రా," అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మొదటి వరసలో కూర్చోబెట్టింది. ఫిలిస్ పక్కింటావిడ. మనసు మంచిదే, గొంతే పెద్దది. హాల్లో వాళ్లంతా తిరిగి చూశారు. ఆర్లిస్‌కి తల కొట్టేసినట్టయింది.

ఊరంతా ఆ నవల చదివేసింది మరి. రాసింది ఆర్లిస్ కూతురు క్రిస్టా. ఏళ్ల తరబడి తల్లికి ఫోనైనా చెయ్యని కూతురు. "ఊరికొస్తున్నాను, మీటింగుకి నువ్వూ రా అమ్మా," అని మొన్న ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. ఆ ఒక్క ముక్క కోసమే ఆర్లిస్ సిగ్గు చంపుకుని వచ్చింది.

క్రిస్టా మైకు ముందుకొచ్చింది. అచ్చం తండ్రి లాయిడ్ పోలిక. అదే పొడుగు, అదే నుదురు.

"నవల్లో కారు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు," అంది. అందరూ నవ్వారు. ఏటా చలికాలంలో ఇంజను పీకేసిన పాత కారొకటి గడ్డకట్టిన సరస్సు మంచు మీద నిలబెట్టడం, మంచు కరిగి అది ఏ రోజు మునుగుతుందో అని పందాలు కాయడం ఆ ఊళ్లో తాతల నాటి సరదా.

"కారుని అక్కడ పెట్టిన రోజే దాని చావు ఖాయం. తేదీ ఒక్కటే తెలీదు. కాఫీ తాగుతూ, గిన్నెలు కడుగుతూ, కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉంటాం. మా నాన్న సంగతీ అంతే అనిపించింది నాకు. అందుకే నవలంతా ఆ కారు అలా మంచు మీదే ఉంటుంది."

తర్వాత ఆఖరి అధ్యాయం చదివింది. నవల్లో భర్త అవతలి ఒడ్డున టింబరు మిల్లులో పనిచేస్తాడు. చలికాలమంతా మంచు మీద నడిచే ఇంటికొస్తాడు. మంచు మెత్తబడిన రోజున అతని భార్య ఒడ్డున దండెం మీద ఎర్రగుడ్డ వెయ్యాలి. అది కనిపిస్తే మిల్లువాళ్లు రోడ్డు మీద చుట్టూ తిరిగి వస్తారు. ఆ రోజు ఆవిడ గుడ్డ వెయ్యడం మర్చిపోయింది. భర్త కారు దాకా వచ్చి మునిగిపోయాడు. ఇంట్లో అయిదేళ్ల కూతురు మాత్రం, చలేస్తోందని బొమ్మకి దుప్పటి చుట్టి, "నాన్నొచ్చేదాకా ఏడవకు," అని జోకొడుతోంది.

ఎవరో ముక్కు చీదారు.

"ఆ రోజుది నాకు గుర్తున్నది ఆ బొమ్మ ఒక్కటే," అంది క్రిస్టా పుస్తకం మూస్తూ.

ఆర్లిస్ ఒళ్లో చేతుల్ని చూసుకుంటూ కూర్చుంది. కథలో పేర్లు మారిస్తే మాత్రం ఊరికి తెలీదా? లాయిడ్ పోయాక ఆ ఎర్రగుడ్డ పని వేరే ఇంటికి మార్చేశారు. చర్చిలో విందులకి ఆమెని పిలుస్తారు, ఆప్యాయంగానే మాట్లాడతారు. మర్చిపోతుందేమోనని, కాఫీ పొయ్యి మీద పెట్టమని మాత్రం ఎవరూ అడగరు.

"గుడ్డ గాలికి ఎగిరిపోయిందని చెప్పొచ్చుగా," ఫిలిస్ చెవిలో గొణిగింది. "ఇన్నేళ్లనించీ మొత్తుకుంటున్నాను."

"ఆ రోజు గాలి లేదు," అంది ఆర్లిస్.

అప్పుడు లేచాడు నార్క్విస్ట్ మాస్టారు. హైస్కూల్లో క్రిస్టాకి పాఠాలు చెప్పినాయన. రిటైరయ్యాడు గానీ ఎర్రసిరా బుద్ధి పోలేదు.

"నాకొక్కటి మింగుడు పడలేదమ్మాయ్. కారు మునగడం రాసిపెట్టి ఉంటే తల్లి తప్పేం లేదు. తప్పు తల్లిదైతే అది విధి కాదు, మతిమరుపు. నువ్వు రెండు పడవల మీద కాళ్లేశావు. ఏదో ఒకటి తేల్చు."

"స్కూల్లోనూ ఇంతే సార్ మీరు. చచ్చినా మార్కులిచ్చేవారు కాదు."

అందరూ నవ్వారు. క్రిస్టా నవ్వలేదు.

"అది తేలకే రాశాను సార్. మా అమ్మని నేనెప్పుడూ అడగలేదు. అడిగే ధైర్యం లేకే ఊరొదిలేశాను." మొదటి వరస వైపు తిరిగింది. "అమ్మా, నువ్వే చెప్పు. ఆ రోజు గుడ్డ వేశావా, లేదా? వేశానను, నమ్ముతాను. ఇంక జన్మలో అడగను."

ఆర్లిస్ లేచింది. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. ఊరు ఊరంతా ఆమె నోటి వంకే చూస్తోంది.

"లేదు," అంది. "కుకీలు ఓవెన్లో పెట్టాను. ఆ హడావిడిలో మర్చిపోయాను. రాసిపెట్టి ఉండటం, గిండటం ఏమీ లేదు. తప్పు నాదే."

హాల్లో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. ఫిలిస్ కూడా తల దించుకుంది.

క్రిస్టా స్టేజి దిగి వచ్చింది. తల్లి మెడ చుట్టూ చేతులేసి, భుజంలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నీ నోట ఈ మాట వినడమే కావాలమ్మా నాకు. క్షమించేశాను. ఎప్పుడో క్షమించాల్సింది."

ఊరి జనం దీపాలు పట్టుకుని లాయిడ్ కోసం సరస్సంతా గాలిస్తున్న ఆ సాయంత్రం, నిద్రపోతున్న అయిదేళ్ల పిల్ల చేతుల్లోంచి బొమ్మని మెల్లగా తీసి, దానికి చుట్టి ఉన్న దండెం మీది ఎర్రగుడ్డ విప్పి కట్టెల పొయ్యిలో వేసిన చేత్తోనే ఆర్లిస్ ఇప్పుడు కూతురి వీపు నిమిరింది.