ఏవండీ అంటే ఎవరండీ?

సాయంత్రం ఐదులోగా లోపం దొరక్కపోతే రెండో భుజంగరావును చెరిపేస్తారు. అది కంపెనీ షరతు.

ఇంటిపనికి సాయంగా ఉంటుందని భుజంగరావు పోయిన నెలే అచ్చం తనలాంటి మనిషినే ఇంకో ప్రతిగా తీయించుకున్నాడు. ఊళ్లో అందరూ తీయించుకుంటున్నారు. అప్పటినుంచి భార్య హైమవతి పిలిస్తే ఒక్కోసారి ఇద్దరూ పలుకుతారు, ఒక్కోసారి ఒక్కరూ పలకరు. పొద్దున ఎవరూ పలక్క పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

కంపెనీ పంపిన మెకానిక్ నస్రీన్ ఇద్దరి చెవులూ పరీక్షించింది. భేషుగ్గా ఉన్నాయి. టైము నాలుగూ యాభై.

"ఒకసారి పిలవండమ్మా."

"ఏవండీ, గ్యాస్ బండ మార్చండి!"

హాల్లో ఇద్దరూ పేపర్లోంచి తలెత్తలేదు.

"ఏవండీ, కాఫీ!"

ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు.

నస్రీన్ నవ్వాపుకుంది. "పని చెబితే ఎవరికి వారు అవతలాయన్ని పిలిచారనుకుంటున్నారమ్మా. పేరు పెట్టి పిలవండి."

"మొగుణ్ణి పేరు పెట్టా? చాల్లే! అయినా ఇద్దరిదీ ఒకటే పేరాయె."

టైము నాలుగూ యాభై ఎనిమిది. రెండో భుజంగరావు బిక్కమొహం వేశాడు. హైమవతి అతణ్ణి ఎగాదిగా చూసింది.

"మా ఆయన వెనక పుట్టాడుగా, వరసకి మరిదే. మరిదిగారూ, బండ!"

"వస్తున్నా వదినా!" అంటూ అతను ఒక్క పరుగు తీశాడు.

నస్రీన్ 'లోపం తొలగింది' అని రాసి వెళ్లిపోయింది.

మర్నాడు ఆమెకు ఫోన్ వచ్చింది. అసలు భుజంగరావు గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మాయ్, ఇప్పుడు ఏవండీ అంటే నేనొక్కణ్ణే. ఆ పాత లోపం మళ్లీ పెట్టడానికి వీలవుతుందా?"