లైటా, లేటా?

"లేటు లేదు బావా" అని మా బావమరిది ఫోన్లో అన్నట్టు వినిపించింది. వాడి గొంతు మీద ట్రాక్టరు మోత.

"లేటు లేకపోతే ఇంకేం, బండి లాగించెయ్" అని నవ్వాను. మాట దొరికితే ఆడుకోకుండా వదలను.

వాడన్నది "లైటు లేదు" అని. ట్రాలీ వెనక లైటు లేక, మోటారుసైకిలు మీద వస్తున్న తాపీమేస్త్రీ చీకట్లో దాన్ని గుద్దేశాడు. ఇప్పుడాయన పేరుకు ముందు లేటు అని రాస్తున్నారు.

లైటు లేదని తెలిసే రమ్మన్నారా అని ఇన్సూరెన్సు ఆఫీసరు అడిగాడు. "వాడు నాకు చెప్పలేదండీ" అన్నాను. తప్పంతా బావమరిది మీద పడింది.

ఆ రాత్రి షెడ్డులో ఎర్రటి వెలుగు కనిపించింది. ట్రాక్టరు నుంచి విప్పేసిన ట్రాలీకి వెనక లైటు వెలుగుతోంది. దగ్గరికి వెళ్లేసరికి ఆరిపోయింది. తడిమి చూశాను. బల్బు లేదు, ఖాళీ హోల్డరు మాత్రం వెచ్చగా ఉంది.

నా వెనక ఎవరో మెల్లగా ఏదో అడిగారు. "లైటుందా" అనో, "లేటయిందా" అనో తేల్చుకోలేకపోయాను. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

మర్నాడు ఆఫీసరు ముందు, మేస్త్రీ భార్య ముందు, బావమరిది ముందు చెప్పేశాను. "వాడు లైటు లేదనే చెప్పాడు. లేటు లేదని విన్నది నేను. వచ్చెయ్యమన్నదీ నేనే."

ఆఫీసరు రాసుకున్నాడు. మేస్త్రీ భార్య నా వైపు తిరిగింది.

"సరిగ్గా వినుంటే ఆగమనేవారా అండీ?"

అది మాత్రం నాకు స్పష్టంగానే వినిపించింది.