వదలని ఐసు

ట్రేలోంచి ఐసు ఊడి రావడం లేదు.

ఫోర్‌మన్ దాన్ని పనిబల్ల అంచుకేసి బాదాడు. ఒక్క ముక్కా కదల్లేదు.

పక్కనే నేలమీద అతని బావమరిది కూలబడి ఉన్నాడు. చేతికి చుట్టిన తువ్వాలు ఎర్రగా తడిసిపోయింది. రేకులు కత్తిరించే ప్రెస్సు ఇప్పుడే అతని కుడిచేతి బొటనవేలు తెంపేసింది. ఆ వేలు బల్లమీద కాగితంలో ఉంది.

"అతుకుతుందా బావా?"

"ఐసులో పెట్టి తీసుకెళ్తే అతుకుతుందిరా. నువ్వు మాట్లాడకు."

మళ్లీ బాదాడు. ట్రే మూల పగిలింది తప్ప ఐసు రాలేదు.

"కొట్టకు నాయనా" అన్నారెవరో.

గుమ్మంలో ఓ ముసలాయన. నెలకోసారి వచ్చి గేటు దగ్గర బెంచీ మీద కూర్చుంటాడు. యజమానిని కలవాలంటాడు. ఏదో సాయం కోసం తిరుగుతున్నాడనుకుని, ఫోర్‌మన్ ప్రతిసారీ "అయ్యగారు లేరు" అని పంపించేసేవాడు.

"పాత ట్రే అది, లోపలంతా గీతలు. నీళ్లు ఆ గీతల్లోకి దూరి గడ్డకడతాయి. గడ్డకట్టేప్పుడు ఉబ్బుతాయి కదా, అందుకే అంత గట్టిగా పట్టుకుంటాయి. అడుగువైపు కాసేపు కుళాయి కింద పెట్టు, అదే వదిలేస్తుంది."

"ఇప్పుడు నాకు పాఠాలు చెప్తావా పెద్దాయనా?"

"అది కాదు. వేలు నేరుగా ఐసుమీద పెట్టకు. తడిబట్టలో చుట్టి, కవర్లో వేసి, ఆ కవరు ఐసునీళ్లలో..."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు."

"మరి తప్పుకో."

ముసలాయన తప్పుకోలేదు. ఒకడుగు లోపలికే వేశాడు.

"నా మాట విను నాయనా. నిమిషం పని."

ఫోర్‌మన్‌కు ఒళ్లు మండింది. భుజం పట్టి బయటికి నెట్టేశాడు. ఆయన తూలి గోడకు ఆనుకుని నిలదొక్కుకున్నాడు.

ఇక ఐసు ఊడేదాకా ఆగలేక, వేలిని ట్రేలోని ఐసుమీదే పెట్టి, పైన ఇంకో ట్రే బోర్లించి, గుడ్డతో బిగించి కట్టాడు ఫోర్‌మన్.

ఆసుపత్రికి చేరడానికి గంట పైనే పట్టింది. దారి పొడుగునా బావమరిది ఆ మూటను ఒళ్లోంచి దించలేదు.

"అక్కకు అప్పుడే చెప్పకు బావా. అతికించాక చెబుదువుగాని. లేదంటే నీకు ఇవాళ అన్నం పెట్టదు."

నవ్వబోయి నొప్పితో పళ్లు బిగించాడు.

నర్సు మూట విప్పింది. వేలు ఐసుకు అతుక్కుపోయి ఉంది. నీళ్లు పోసి మెల్లగా విడదీస్తే, పలచటి చర్మం పొర ఐసుమీదే ఉండిపోయింది.

డాక్టరు వేలిని లైటు కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"నేరుగా ఐసుమీద ఎవరు పెట్టారు?"

"నేనే సార్."

"లోపలిదాకా గడ్డకట్టేసింది. రక్తనాళాలు పాడైపోయాయి. తడిబట్టలో చుట్టి, కవర్లో వేసి తెచ్చుంటే ప్రయత్నించేవాళ్లం. అక్కడ చెప్పేవాళ్లే లేరా?"



"ఏమంటున్నారు బావా?" లోపలి మంచం మీదనుంచి బావమరిది అడుగుతున్నాడు. "ఎప్పుడు అతికిస్తారట?"

సాయంత్రం ఫోర్‌మన్ షెడ్డుకు తిరిగొచ్చాడు. ఎవరో నేల కడిగేశారు. గేటు దగ్గర బెంచీ ఖాళీగా ఉంది.

"పొద్దున వచ్చిన పెద్దాయన ఏడీ?"

"వెళ్లిపోయాడు సార్" అన్నాడు వాచ్‌మన్. ఇరవై ఏళ్లుగా ఆ గేటు దగ్గరే ఉన్నవాడు. "ఇక రానన్నాడు."

"అసలు ఏం కావాలట ఆయనకు?"

"ఆయనకేం అక్కర్లేదు సార్. ఆ ప్రెస్సులోకి చేతులు పోకుండా అడ్డుజాలీ పెట్టించమని అడగడానికి వచ్చేవాడు."

"ఆయనకెందుకు అదంతా?"



"మీరు రాకముందు ఇక్కడ ఫోర్‌మన్ ఆయనే సార్. ఆ ప్రెస్సులో ఆయన కొడుకు నాలుగు వేళ్లు తెగిపోతే, వాటిని నేరుగా ఐసుమీద పెట్టి ఆసుపత్రికి పట్టుకెళ్లింది కూడా ఆయనే."