మూసిన తలుపుకు ఇవతల

హైమ ఒంట్లో మందు ఉన్నన్నాళ్లూ పసిపిల్ల గది తలుపు ఆమెకు తెరుచుకోదు. మందు కలిసిన పాలు మరిచిపోయి పిల్లకిస్తుందేమోనని ఇప్పుడు ఇళ్లన్నీ అలాగే కడుతున్నారు. మూడు గంటలకోసారి పంపుతో పాలు తీసి సింకులో పారబోస్తోంది.

“పారబోసేవాటికి ఎందుకమ్మా ఇంత అవస్థ?” అంది అవతల నుంచి అత్తగారు.

“తీయకపోతే ఎండిపోతాయి అత్తయ్యా.”

పన్నెండో రోజు మధ్యాహ్నం డాక్టరు గొంతు గోడలోంచి పలికింది. “జబ్బు తగ్గలేదమ్మా. మందు ఇంకో వారం వాడాలి.”

హైమ తలుపుకు నుదురానించి నిలబడిపోయింది. అటువైపు పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. రెండు రోజులుగా చుక్కలు చుక్కలుగా వస్తున్న పాలు ఆ ఏడుపు వినగానే పొంగి జాకెట్టు తడిపేశాయి. ఆమె గబగబా పంపుకు సీసా తగిలించి పెట్టుకుంది.

అత్తగారు పిల్లను జోకొడుతోంది.

“ఊరుకోబెట్టకండి అత్తయ్యా,” అంది హైమ. “సీసా నిండేదాకా ఏడవనివ్వండి.”