వేలెడు పట్టీ

"కత్తెర కింద పెట్టు! దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను!"

పటాలం తాత అరిచిన అరుపుకి బ్యాగులు బాగుచేసే అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అసలు ఆ కత్తెర ఎలాగూ ఎక్కువ దూరం రాదు. కుట్టు మెషిన్ కాలికి తాడేసి కట్టి ఉంది. అది వాళ్ళమ్మ పెట్టిన రూలు. కొడుకు విసుక్కుని ఎన్నిసార్లు విప్పినా మళ్ళీ కట్టేస్తుంది. ఇప్పుడు కూడా ఆ ముసలావిడ గుమ్మం పక్కన పీట మీద కూర్చుని, పాత జిప్పులు ఊడదీసుకుంటూ తన లోకంలో తనుంది.

"బాబాయిగారూ, చిరిగింది ఈ పైమూతే కదా. అతుకు వేద్దామంటే ఈ పట్టీ అడ్డొస్తోంది. తీసేస్తే పీడ విరగడైపోతుంది."

"తియ్యకుండా వెయ్యి."

"సరే, ఇదెందుకుందో చెప్పండి. దాని పని చెడిపోకుండా కుడతాను."

అక్కడే వచ్చింది చిక్కంతా. రంగు వెలిసిన ఆ సైన్యం బ్యాగు గురించి తాతని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కింది రెండు బెల్టులు కంబళి చుట్టి కట్టుకోడానికి. పక్కల ఇత్తడి రింగులు నడుం బెల్టుకి తగిలించి, భుజాల మీద బరువు తగ్గించుకోడానికి. అడుగు లేని ఆ పొడుగు జేబు చూసి అందరూ చిరిగిందనుకుంటారు గానీ, అది పార కర్ర దూర్చుకోడానికి. ఇవన్నీ తెలుసు. మూత మొదట్లో, సరిగ్గా మెడకి రాసుకునే చోట, రెండు కొసలూ కలిపి కుట్టిన ఈ వేలెడు పట్టీ ఒక్కటే నలభై అయిదేళ్ళుగా ఆయన ప్రాణం తోడేస్తోంది.

"టార్చిలైటు తగిలించుకోడానికేమో?"

"వీపు వెనకాల తగిలిస్తే వెలుగెవరికి? వెనకొచ్చేవాడికా?"

"పోనీ, గ్లాసు?"

"నడుస్తుంటే టంగుటంగుమని మోగుతుంది. శత్రువుని కేకేసి పిలిచినట్టే!"

"గోడకి తగిలించుకోడానికై ఉంటుంది, అంతే."

"నిండా సామాను పెట్టి తగిలిస్తే పుటుక్కుమంటుందయ్యా! అన్నీ చూశా. ముగ్గురు దర్జీల్ని అడిగా. మూడు ఆఫీసులకి ఉత్తరాలు రాశా. ఒక్కడూ చెప్పి చావలేదు!"

"మరి ఎందుకో కూడా తెలియనిదానికి ఇంత రాద్ధాంతమేంటండీ?"

తాత ముఖం కందగడ్డయింది. చొక్కా చేతి మీద వేలితో రెండు గీతలు గీసి చూపించాడు.

"ఇక్కడ రెండు హోదా చారలుండేవి నాకు. ఈ పట్టీ మెడకి ఒరుసుకుంటోందని బ్లేడుతో కోసి పారేశా. మర్నాడే తనిఖీ. 'అందరి బ్యాగులకీ ఉంది, నీదానికేది?' అన్నాడు మా ఆఫీసరు. 'అసలిదెందుకు సార్?' అన్నా. అంతే! ఎదురు ప్రశ్న వేస్తావా అని అందరి ముందూ ఒక చార పీకించేశాడు. ఆ బ్యాగు లాక్కుని, దానికి బదులు, ఇదిగో, ఇది నా మొహాన కొట్టాడు. ఆ చార మళ్ళీ రాలేదు. ఒక్క చారతోనే ఇంటికొచ్చేశా."

"అయ్యో."

"రేపు మా పటాలం వాళ్ళందరూ కలుస్తున్నారు. ఆయనా వస్తున్నాడు. ఇదెందుకో తెలిస్తే ఆ రోజు తప్పు నాదో ఆయనదో తేలిపోతుంది. తెలియకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావు?" తాత బల్ల మీది బ్యాగు విసురుగా లాక్కున్నాడు. "వద్దులే, కుట్టొద్దు. నేను వెళ్ళనే వెళ్ళను!"

"ఒక్కసారి ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ."

పీట మీది ముసలావిడ చెయ్యి చాపింది. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని బ్యాగుని తిరగేసింది. లోపలివైపు వెలిసిపోయిన అచ్చు నంబరుని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"నీకేం తెలుస్తుందమ్మా?" నవ్వాడు కొడుకు.

"పెళ్ళికి ముందు నేను చేసింది ఈ బ్యాగులు కుట్టే ఫ్యాక్టరీలోనే కదరా." ఆవిడ పట్టీలోకి చూపుడువేలు దూర్చింది. "ఇది మోసేవాళ్ళ కోసం కాదన్నయ్యగారూ, కుట్టేవాళ్ళ కోసం. సగం కుట్టిన ఖాళీ బ్యాగుని దీంతో కొక్కేనికి తగిలించి, ఒక బల్ల దగ్గర్నుంచి ఇంకో బల్లకి తోసేవాళ్ళం. ఆఖరి బల్ల దగ్గర దీన్ని కోసి పారేసి, బ్యాగుని పెట్టెలో సర్దాలి."

తాత ముందుకి వంగాడు.

"కోసి పారెయ్యాలా?"

"ఆఁ."

"అంటే... నేను చేసింది రైటేనా?"

"రైటే."

తాత చొక్కా చేతిని, ఆ రెండో చార ఉండాల్సిన చోట, తడుముకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలోనే నలభై అయిదేళ్ళ కోపమూ ఒక్కసారి తన్నుకొచ్చింది.

"మరి మా అందరి బ్యాగులకీ ఎందుకు వదిలేశారు? ఆఖరి బల్ల దగ్గర కూర్చున్న ఆ దరిద్రుడెవడోగానీ, వాడు నిద్రపోతున్నాడా?"

ముసలావిడ తలొంచుకుంది. కత్తెర తాడుని వేళ్ళకి చుట్టుకుంటూ, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుంది.

"నిద్ర కాదన్నయ్యగారూ. కత్తెర పోగొట్టుకున్నాను. చెబితే పనిలోంచి తీసేస్తారని భయపడి, ఆ నెల బ్యాగులన్నీ కోయకుండానే పంపించేశాను."