నాలుగో కారణం

పిల్లలు సయామా, అంటే టీచరమ్మా, అని పిలిచే చరిత్ర టీచరు నూకాలమ్మ, సైన్యం గద్దెనెక్కినందుకు సమ్మెలో ఉంది. తాకేటా పేటలో తన ఇంట్లోనే పాఠం చెబుతుండగా సైనికులు తలుపు పగలగొట్టారు. పిల్లలు పెరటిదారిన పారిపోయారు.

బోర్డు మీద "రాజు ఎందుకు కూలాడు?" అని, కింద మూడు కారణాలు ఉన్నాయి.

"ఏ రాజు?" అంటూ ఒక సిపాయి తుపాకి మడమతో ఆమె చెయ్యి విరగ్గొట్టాడు.

"ఇంగ్లండు రాజు జేమ్సు, బాబూ! మూడొందలేల్ల కిందటోడు!"

మూతి మీద ఇంకో దెబ్బ పడింది.

"కాల్చెయ్," అన్నాడు గుమ్మంలోని అధికారి.

తను సగం చెప్పి ఆపితే మిగతా సగం పిల్లలు అందుకోవడం ఆమె క్లాసులో అలవాటు. నెత్తురు ఉమ్మి, అలాగే అంది: "నాలుగో కారణం. రాజుగోరి సొంత సిపాయిలే..."

"...అవతలోల్లతో కలిసిపోనారు, సయామా," అన్నాడు ఆమెకు తుపాకి గురిపెట్టిన సిపాయి.

తుపాకి పేలింది. గుమ్మంలో అధికారి కూలాడు.